పంటి రంగు సిమెంట్ పాడయ్యేది ఎక్కడ?

క్లుప్తంగా: పంటి రంగు ఫిల్లింగ్ పైనుంచి అరిగిపోయి పాడవడం ఈ రోజుల్లో తక్కువ. పన్నుకీ ఫిల్లింగ్‌కీ మధ్య ఉన్న అతుకు వదులై ఆ సందులో మళ్లీ పుచ్చు పట్టడం, లేదా ఫిల్లింగో పన్నో విరగడం, ఇవే ప్రధాన కారణాలు. అతుకు ఎంతకాలం నిలుస్తుందన్నది మెటీరియల్ ఖరీదు కన్నా అది పెట్టిన తీరు మీద, ఆ నోటి అలవాట్ల మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. మొత్తం తీసి కొత్తది పెట్టిన ప్రతిసారీ పన్ను కొంత తరిగిపోతుంది కాబట్టి రిపేర్‌తో సరిపోతుందేమో ముందు చూడాలి.

అయిదేళ్ల కిందట సిమెంట్ పెట్టించిన దవడ పన్ను చల్లటి నీళ్లు తగలగానే జివ్వుమంటుంది. ఎక్స్‌రే తీస్తే సిమెంట్ కింద మళ్లీ పుచ్చు. సిమెంట్ మాత్రం పైకి పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఇలాంటప్పుడు చాలామందికి వచ్చే అనుమానాలు రెండే. పెట్టిన మెటీరియల్ నాసిరకమా? డాక్టర్ సరిగా చెయ్యలేదా? ఒక్కోసారి ఈ అనుమానాలు నిజమే కావచ్చు. కానీ మంచి మెటీరియల్‌తో ఓపికగా చేసిన ఫిల్లింగ్ కూడా ఎప్పటికీ ఉండిపోదు. దానికి కారణం కొంత ఆ పదార్థం స్వభావంలో, కొంత పన్ను నిర్మాణంలో, కొంత నోట్లో రోజూ జరిగే వ్యవహారంలో ఉంది.

ఈ సంగతి ఇప్పుడు ఇంకా ముఖ్యమైంది. పాదరసం కలిసిన వెండి సిమెంట్‌ను, అంటే అమాల్గమ్‌ను, యూరోపియన్ యూనియన్ కొద్దిపాటి మినహాయింపులతో 2025 జనవరి 1 నుంచి ఆపేసింది. పాదరసం మీద కుదిరిన మినమాటా ఒప్పందంలోని దేశాలు 2025 నవంబర్‌లో జెనీవాలో సమావేశమై, 2034 కల్లా దీని వాడకానికి స్వస్తి చెప్పాలని నిర్ణయించాయి. భారత్ 2018లోనే ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. పెద్దవాళ్ల దవడల్లో ఇప్పటికీ కనిపించే ఆ నల్లటి వెండి సిమెంట్ స్థానంలో రేపటి తరానికి ఉండబోయేది ఎక్కువగా పంటి రంగుదే.

## ముద్దగా పెట్టి, కాంతితో గట్టిపరిచి

వాడుకలో సిమెంట్ అంటున్నాం గానీ దీని అసలు పేరు కాంపోజిట్. రెజిన్ అనే జిగురులో మెత్తటి గాజు పొడి, సిలికా కలిపిన ముద్ద ఇది. ఇందులో ఎక్కువగా వాడే బిస్-జీఎంఏ అనే రెజిన్‌ను అమెరికాలో రాఫెల్ బోవెన్ తయారుచేశారు. 1962లో దానికి పేటెంట్ వచ్చింది. గాజు పొడి గట్టిదనాన్ని ఇస్తుంది, రెజిన్ దాన్ని పట్టి ఉంచుతుంది. ఈ రెండూ విడిపోకుండా గాజు రేణువులకు సిలేన్ అనే పల్చటి పూత వేస్తారు.

డాక్టర్ నీలి రంగు లైట్ పట్టగానే ముద్దలో ఉన్న రెజిన్ అణువులు ఒకదానితో ఒకటి గొలుసుల్లా అల్లుకుంటాయి. ముద్ద రాయిలా మారేది అప్పుడే. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. మైదానంలో ఎడంగా నిలబడ్డ జనం చేతులు పట్టుకోవాలంటే ఒకరి దగ్గరికి ఒకరు జరగాలి. అణువులూ అంతే. గట్టిపడే కొద్దీ మొత్తం పరిమాణం సుమారు 2 నుంచి 3 శాతం తగ్గుతుంది.

2 శాతం ఏపాటిది అనిపిస్తుంది. కానీ గుంటలో ముందుగా పూసే మరో జిగురు వల్ల ముద్ద అప్పటికే పంటి గోడలను పట్టుకుని ఉంది. నల్లరేగడి చేను ఎండినప్పుడు మట్టి కుంచించుకుపోయి, కింద కదలడానికి వీల్లేక, నెర్రెలిస్తుంది. పంటి గుంటలోనూ అలాంటి లాగుడే పుడుతుంది. గోడను పట్టుకున్న జిగురు బలంగా ఉంటే గోడే లోపలికి వంగుతుంది. ఫిల్లింగ్ పెట్టించుకున్న కొన్నాళ్ల పాటు నమిలితే నొప్పి రావడానికి ఇది ఒక కారణం. పన్ను పైన ఉండే గట్టి పొర, అంటే ఎనామెల్, అంచున పెళుసుగా ఉంటే అక్కడ సన్నటి చీలిక వస్తుంది. జిగురు బలహీనంగా ఉంటే అదే వదిలేస్తుంది. అలా వదిలిన సందు కంటికి ఆనదు, అద్దం పెట్టి చూసినా తెలియదు. అయితే పుచ్చు కలిగించే బాక్టీరియా ఒక్కొక్కటి దాదాపు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, ఉంటుంది. తల వెంట్రుక మందం అరవై డెబ్భై మైక్రాన్లు. కంటికి ఆనని సందు కూడా ఆ బాక్టీరియాకు వీధంత వెడల్పు.

ఈ లాగుడు ఎంత ఉంటుందన్నది గుంట ఆకారాన్ని బట్టి కూడా మారుతుంది. 1987లో నెదర్లాండ్స్ పరిశోధకులు దీన్ని ఒక లెక్కగా చూపించారు. ముద్ద ఎన్ని గోడలకు అతుక్కుంది, ఎన్ని వైపులు ఖాళీగా ఉన్నాయి అన్నదే ఆ లెక్క. ముందు పన్ను కొసకి అతికిన ముక్కకు చాలా వైపులు ఖాళీగా ఉంటాయి కాబట్టి ముద్ద అటునుంచి సర్దుకుంటుంది. దవడ పన్ను నడుమ పెట్టెలా తవ్విన గుంటలో నాలుగు గోడలూ అడుగూ పట్టి ఉంటాయి, పైభాగం ఒక్కటే ఖాళీ. సర్దుకోవడానికి చోటుండదు, లాగుడంతా అతుకు మీదే పడుతుంది.

అందుకే కాంపోజిట్‌ను ఒకేసారి కూరకుండా, సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా పెట్టి ఒక్కో పొరకీ లైట్ వేస్తారు. 4 మిల్లీమీటర్ల వరకూ ఒకేసారి పెట్టగల రకాలు తర్వాత వచ్చాయి, అవి టైమ్ ఆదా చేస్తాయి. ఏ రకమైనా లైట్ అడుగు దాకా చేరాల్సిందే. లైట్ కొస గుంటకు దూరమయ్యే కొద్దీ, పక్కకు ఒరిగే కొద్దీ, దాని మీద పాత రెజిన్ అంటుకుని ఉన్న కొద్దీ అడుగుకు చేరే కాంతి తగ్గిపోతుంది. అప్పుడు పైపొర రాయిలా ఉంటుంది, అడుగు సగం ఉడికిన అన్నంలా ఉండిపోతుంది. పైన గీకి చూస్తే ఇది తెలియదు, పేషెంట్‌కు అసలే తెలియదు. సరిగా లైట్ పడినా రెజిన్ పూర్తిగా అల్లుకోదు. మామూలుగా 50 నుంచి 70 శాతం దాకా మాత్రమే మారుతుంది.

## ఎనామెల్ మాట వింటుంది, డెంటిన్ వినదు

పన్నుకు జిగురు పట్టించవచ్చన్న ఆలోచనకు దారి వేసింది 1955లో మైకేల్ బ్యూనోకోర్ చేసిన ప్రయోగం. ఎనామెల్ మీద ఫాస్ఫారిక్ యాసిడ్ రాస్తే నునుపు పోయి సన్నటి గుంతలు పడతాయి. జిగురు వాటిలోకి దిగి, గట్టిపడి, కొక్కేల్లా పట్టుకుంటుంది. ఎనామెల్ బరువులో 96 శాతం దాకా ఖనిజమే. తడి చాలా తక్కువ. అందుకే ఎనామెల్‌కు వేసిన అతుకు ఏళ్ల తరబడి చెక్కుచెదరదు.

దాని కింద ఉండే డెంటిన్ సంగతి వేరు. అందులో ఖనిజం సుమారు 70 శాతం, మిగతాది కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు, నీరు. పైగా అందులో ఒకటి రెండు మైక్రాన్ల వెడల్పున్న గొట్టాలు చదరపు మిల్లీమీటరుకు వేల సంఖ్యలో ఉంటాయి, ఒక్కోదాంట్లో ద్రవం. నీళ్లు ఊరే గోడకు పెయింట్ పట్టించాల్సి వస్తే ఎలాగో, ఇదీ అలాంటిదే.

డాక్టర్ చేసే పనిని దగ్గరగా చూస్తే కష్టం తెలుస్తుంది. సూదిలాంటి గొట్టంతో నీలం రంగు యాసిడ్ జెల్ పెడతారు. డెంటిన్ మీద 15 సెకన్లకు మించి ఉంచకూడదు. నీళ్లతో కడిగేస్తే పైపొరలో ఖనిజం పోయి, కొల్లాజెన్ పోగులు తడి జుట్టులా తేలుతూ మిగులుతాయి. ఇప్పుడు గాలి ఊది ఆరబెట్టాలి, కానీ పూర్తిగా కాదు. ఎక్కువ ఆరితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి, జిగురు లోపలికి దిగదు. తడి మిగిలితే జిగురు పలచబడుతుంది. ఆ నడిమి స్థితిని డాక్టర్ కంటి అంచనాతో పట్టుకోవాలి, అదీ నాలుక కదులుతూ లాలాజలం ఊరుతూ ఉన్న నోట్లో. తర్వాత పూసిన జిగురు పోగుల మధ్యకు దిగి కొన్ని మైక్రాన్ల మిశ్రమ పొర ఏర్పడుతుంది. 1982లో జపాన్‌కు చెందిన నొబువో నకబయాషి బృందం దీన్ని వివరించి హైబ్రిడ్ లేయర్ అని పేరు పెట్టింది. ఫిల్లింగ్ భవిష్యత్తు చాలావరకు ఈ పల్చటి పొర చేతిలో ఉంటుంది.

ఆ పొర అడుగున జిగురు చేరని పోగులు కొన్ని ఎప్పుడూ మిగిలిపోతాయి. డెంటిన్‌లో ఎంఎంపీలు అనే ఎంజైములు పుట్టుకతోనే ఉంటాయి. పన్ను తయారైనప్పటి నుంచీ ఖనిజంలో కదలకుండా ఉన్న ఇవి యాసిడ్ తగలగానే మేలుకుని, కాపు లేని కొల్లాజెన్‌ను నెమ్మదిగా కొరికేస్తాయి. మరోపక్క నీరు జిగురులోని బంధాలను తెంచుతూ ఉంటుంది. ఇదంతా నెలలు, ఏళ్ల వ్యవహారం. ఫిల్లింగ్ పెట్టిన రోజు అతుకు ఎంత బలంగా ఉన్నా డెంటిన్ వైపు ఆ బలం తగ్గుతూ పోవడానికి మూలం ఇదే. జిగురుకు ముందు క్లోర్‌హెక్సిడిన్ అనే సూక్ష్మజీవుల మందు రాస్తే ఆ ఎంజైములు అణుగుతాయని ల్యాబుల్లో తేలింది. నోట్లో దీర్ఘకాలం నిలిచే లాభం మాత్రం అంత స్పష్టంగా కనిపించలేదు. డెంటిన్ మీద విడిగా యాసిడ్ వాడక్కర్లేని, కాల్షియంతో నేరుగా బంధం వేసుకునే 10-ఎండీపీ రకం జిగుర్లు ఈ ఇబ్బందిని కొంత తగ్గించాయి.

ఎనామెల్ మాట వింటుందన్నదానికీ ఒక మినహాయింపు ఉంది, అది తెలుగు ప్రాంతాలకు బాగా తెలిసినదే. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ల మీద మచ్చలు, గుంటలు పడే ఫ్లోరోసిస్‌ను 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో పరిశోధకులు నమోదు చేశారు. నల్లగొండ పేరు ఈ జబ్బుతో ఎంతగా ముడిపడిందో చెప్పక్కర్లేదు. ఇలాంటి పళ్లలో ఎనామెల్ పైపొరకు యాసిడ్ త్వరగా పట్టదు. మామూలు పన్నుకు సరిపోయే టైమ్ సరిపోక, యాసిడ్ ఇంకాసేపు ఉంచడమో పైపొరను సన్నగా గీయడమో చెయ్యాల్సి వస్తుంది. ఆ జాగ్రత్త లేకుండా అతికిన ఫిల్లింగ్ త్వరగా ఊడినా ఆశ్చర్యం లేదు.

## చిగురు అంచున, రెండు పళ్ల సందులో

ఫిల్లింగ్ అన్ని వైపులా ఒకేలా పాడవదు. దవడ పన్ను పైభాగంలో పెట్టిన చిన్న ఫిల్లింగ్ ఏళ్లకేళ్లు నిలుస్తుంది. రెండు పళ్ల మధ్య సందులోకి, చిగురు దాకా దిగిన ఫిల్లింగ్ మాత్రం ఆ కింది అంచు దగ్గరే ఎక్కువగా దెబ్బతింటుంది. పైన చెప్పుకున్న కష్టాలన్నీ ఆ ఒక్క చోట కలుస్తాయి మరి. అక్కడ ఎనామెల్ పల్చగా ఉంటుంది, లేదా అసలు ఉండదు, అతుకు వెయ్యాల్సింది డెంటిన్‌కే. లైట్‌కు అది అన్నిటికన్నా దూరం. చిగురు నుంచి రక్తం, తేమ ఊరుతుంటాయి. జిగురు పూసే క్షణంలో ఒక్క చుక్క లాలాజలం తగిలినా అక్కడ అతుకు సరిగా పడదు.

రబ్బర్ డ్యామ్ అనే పల్చటి రబ్బరు షీటును పన్ను చుట్టూ బిగించేది దీనికే. బిగించడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, పేషెంట్‌కు కాస్త ఇబ్బందిగానూ ఉంటుంది. అందుకని రద్దీ క్లినిక్కుల్లో దూదితో సరిపెట్టడం మామూలే. దూదితోనూ మంచి ఫిల్లింగ్ వెయ్యొచ్చు, అయితే పొరపాటుకు అవకాశం పెరుగుతుంది. వెండి సిమెంట్‌కు ఇంత పట్టింపు లేదు, కాస్త తడి తగిలినా అది భరించేది. అప్పటి అలవాట్లతో కాంపోజిట్ పెడితే దాని ఆయుష్షు తగ్గుతుంది.

ఇలాంటి కింది అంచు దగ్గర కొందరు డాక్టర్లు ముందు గ్లాస్ అయానమర్ సిమెంట్ వేసి, దాని మీద కాంపోజిట్ పెడతారు. గ్లాస్ అయానమర్ పన్నుతో రసాయనికంగా తనంతట తానే అతుక్కుంటుంది, కొంత ఫ్లోరైడ్ వదులుతుంది, తడిని ఓర్చుకుంటుంది. నమిలే ఒత్తిడికి మాత్రం అంతగా ఆగదు. అందుకే పైన కాంపోజిట్ కవచం.

## నోట్లో రోజూ జరిగేది

పొగలు కక్కే కాఫీ, వెంటనే చల్లటి నీళ్లు. పన్ను వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది. కాంపోజిట్ ఆ పని ఎనామెల్ కన్నా రెండు మూడు రెట్లు, కొన్ని రకాల్లో అంతకన్నా ఎక్కువ చేస్తుంది. ప్రతి గుక్కకీ అతుకు మీద సన్నటి తోపులాట. దాని మీద నమిలే ఒత్తిడి. రాత్రి నిద్రలో పళ్లు కొరికే అలవాటున్నవాళ్లలో ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువగా, గంటల తరబడి పడుతుంది. ఫిల్లింగో పక్కనున్న పంటి గోడో విరగడం వీళ్లలో ఎక్కువ.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది పాచి. తీపి తగిలిన ప్రతిసారీ పాచిలోని బాక్టీరియా లాక్టిక్ యాసిడ్ తయారుచేస్తుంది. యాసిడ్ పెరిగే కొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది. అది సుమారు 5.5 కన్నా దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. డెంటిన్ ఇంకా ముందే, 6 దాటి ఉండగానే కరుగుతుంది. చిగురు అంచున అతుకు పక్కన బయటపడి ఉండేది ఆ డెంటినే. పైగా పుచ్చుకు ప్రధాన కారణమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ బాక్టీరియా విడుదల చేసే ఎస్టరేజ్ అనే ఎంజైములు రెజిన్‌లోని బంధాలను కూడా తెంచుతాయని ప్రయోగాల్లో తేలింది. లాలాజలంలోనూ అలాంటి ఎంజైములున్నాయి. అంటే పంటిని కరిగించే సూక్ష్మజీవే దాని పక్కనున్న ఫిల్లింగ్ అతుకునూ సడలిస్తోంది.

నోరు ఎండిపోయే సమస్య ఉన్నవాళ్లకు ఇది ఇంకా కష్టం. యాసిడ్‌ను విరిచే లాలాజలం వాళ్లకు తక్కువ. అదుపులో లేని షుగర్, బీపీకి, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు, తల మెడ భాగాల్లో రేడియేషన్ చికిత్స దీనికి దారితీస్తాయి. ఒకే డాక్టర్, ఒకే రోజు, ఒకే డబ్బాలోని మెటీరియల్‌తో ఇద్దరికి పెట్టిన ఫిల్లింగులు ఒకరికి పదిహేనేళ్లు, మరొకరికి నాలుగేళ్లు రావడానికి కారణం ఇక్కడ వెతకాలి.

రంగు మారడం వేరే సంగతి. టీ, కాఫీ, తాంబూలం, అన్నిటినీ మించి పసుపు కాంపోజిట్‌కు బాగా పడతాయి. అది చూపుకు ఇబ్బందే గానీ చాలాసార్లు పాలిష్‌తో పోతుంది. రంగు మారినంత మాత్రాన ఫిల్లింగ్ పాడైనట్టు కాదు.

## వెండి సిమెంట్‌తో పోలిస్తే

ఈ రెండిటినీ పోల్చిన అధ్యయనాల్లో బాగా తెలిసినది పోర్చుగల్‌లోని లిస్బన్‌లో 8 నుంచి 12 ఏళ్ల పిల్లల మీద చేసింది, 2007లో ప్రచురితమైంది. ఏడేళ్ల తర్వాత వెండి సిమెంట్లలో 94.4 శాతం, కాంపోజిట్లలో 85.5 శాతం నిలిచాయి. అంచున మళ్లీ పుచ్చు పట్టే ముప్పు కాంపోజిట్‌కు మూడున్నర రెట్లు ఎక్కువగా తేలింది. అమాల్గమ్ పన్నుకు అతుక్కోదు, మొదట్లో దాని అంచున సందు ఉంటుంది. కాలక్రమంలో అది తుప్పు పట్టి, ఆ తుప్పే సందును పూడుస్తుంది. కాంపోజిట్ అతుకు మొదటి రోజు గట్టిగా ఉండి పోనుపోను సడలుతుంది. రెండూ ఎదురెదురు దారుల్లో నడిచే పదార్థాలన్నమాట.

అలాగని వెండి సిమెంటే మేలనడం సరికాదు. దాన్ని నిలబెట్టడానికి గుంటను లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా చెక్కాలి. అంటే బాగున్న పన్నును కూడా తొలగించాలి. అలా బలహీనపడ్డ గోడలు తర్వాత విరగడం మామూలే. కాంపోజిట్‌కు పుచ్చు మేరకు తీస్తే చాలు. పాదరసం వల్ల పర్యావరణానికి జరిగే నష్టం సరేసరి.

అంకెలను భయపడకుండా చదవాలి. పలు దీర్ఘకాలిక అధ్యయనాలను కలిపి 2014లో చేసిన విశ్లేషణలో దవడ పళ్ల కాంపోజిట్లు ఏటా పాడయ్యే సగటు పదేళ్ల లెక్కన 2.4 శాతంగా తేలింది. అంటే పదేళ్లకు నూటికి డెబ్భై ఎనభై దాకా నిలిచే ఉంటాయి. పుచ్చు ముప్పు ఎక్కువున్న నోళ్లలో, ఎక్కువ వైపులకు విస్తరించిన ఫిల్లింగుల్లో ఆ సంఖ్య తగ్గుతుంది. బ్రెజిల్‌లో 22 ఏళ్ల పాటు గమనించిన ఫిల్లింగుల్లో పాడవడానికి ప్రధాన కారణం విరగడం. గాజు పొడి ఎక్కువున్న రకం అక్కడ మెరుగ్గా నిలిచింది, అదీ రెండో దశాబ్దంలోనే తేడా చూపింది. బ్రాండ్ గురించి పేషెంట్లు పడే టెన్షన్‌లో చాలా భాగం అనవసరమని దీన్నిబట్టి అనుకోవచ్చు.

## నల్ల గీత కనిపిస్తే

ఫిల్లింగ్ అంచున గోధుమ రంగు గీత కనబడగానే పుచ్చు అనుకోవడం తొందరపాటు. అంచున మరక పట్టడానికీ, లోపల పన్ను మెత్తబడడానికీ తేడా ఉంది. మెత్తబడిందా, గుంట పడిందా, ఎక్స్‌రేలో నీడ ఉందా అన్నది చూడాలి. ఎక్స్‌రే కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. కొన్ని జిగుర్లు ఎక్స్‌రేకు ఆనవు. అడుగున అవి మందంగా చేరితే అచ్చం పుచ్చులాగే నల్లగా కనిపిస్తాయి.

ఈ తేడా పట్టుకోవడం ఎందుకంత అవసరమంటే, పాతది తీసే పనిలోనే నష్టం ఉంది. వెండి సిమెంట్ ఎక్కడ అయిపోయి పన్ను ఎక్కడ మొదలవుతుందో రంగే చెప్పేస్తుంది. కాంపోజిట్‌కు ఆ గుర్తు లేదు, పన్నులో కలిసిపోవడమే దాని గొప్ప. డ్రిల్లు పట్టిన డాక్టర్‌కు అదే ఇబ్బంది. కొంత మంచి పన్ను కూడా పోతుంది, గుంట పెద్దదవుతుంది. పెద్ద గుంటలో మళ్లీ పెద్ద ఫిల్లింగ్, సన్నబడ్డ గోడలు. ఇలా రెండు మూడుసార్లు తిరిగితే విషయం రూట్ కెనాల్, క్యాప్ దాకా వెళ్తుంది.

అందుకే ఒక మూల విరిగినా, ఒక అంచున మాత్రమే పుచ్చు ఉన్నా, అంతవరకే తీసి రిపేర్ చెయ్యడం ఇప్పుడు గుర్తింపు ఉన్న పద్ధతి. పాత కాంపోజిట్ పైభాగాన్ని అల్యూమినియం ఆక్సైడ్ పొడి చిమ్మి గరుకు చేసి, సిలేన్, జిగురు పూసి, దాని మీద కొత్త ముద్ద పెడతారు. అడుగంతా పుచ్చు పాకినా, పన్ను గోడ నిలువునా చీలినా రిపేర్ సరిపోదు. ఏది ఎంతవరకు వచ్చిందో డాక్టర్‌ను అడిగి తెలుసుకునే హక్కు పేషెంట్‌కు ఉంది. అనుమానంగా ఉన్న నీడను కొన్నిసార్లు వెంటనే తవ్వకుండా, కొన్ని నెలలు ఆగి మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. అప్పుడు పాత ఎక్స్‌రే చేతిలో ఉంటే పని సులువు. రెండిటినీ పక్కపక్కన పెట్టినప్పుడు నీడ పెరగకుండా అంతే ఉంటే అది జిగురు కావచ్చు. పెరిగి ఉంటే పుచ్చు.